నీళ్లు పగిలితే ఎరుపు

"అక్కా, మా ల్యాబ్ సారు సచ్చిపోయిండు. గందుకే రెండు దినాలు సెలవిచ్చిండ్రు."

తమ్ముడు ఈ మాట రొట్టె తుంచుకుంటూ అన్నాడు. వాడు ఆదిలాబాద్‌లో మా మేనమామ ఇంట్లో ఉండి కాలేజీ చదువుతున్నాడు. సుల్తానాబాద్‌లో మా పుట్టింటికి, అవ్వ, బాపుల దగ్గరికి పోతూ మధ్యలో లక్సెట్టిపేటలో మా ఇంటి దగ్గర దిగాడు. నేను పాప కోసం కాచి చల్లార్చిన నీళ్లు వడగడుతున్నాను.

"ఏ సారు?" అన్నాను. అడుగుతున్నప్పుడే నాకు తెలుసు.

"గదే, కిటికీలకు గొంగళ్లు కట్టి చీకటి చేస్తడని చెప్పలే? ఫిజిక్స్‌ల డిమాన్‌స్ట్రేటరు. ఎన్నేండ్ల సంది వస్తదో ఆ జెరం, వస్తుండె, పోతుండె. ఈసారి తలకెక్కిందట. మూడే దినాలు. ఆయనకు ఆడి నీళ్లు పడలే అక్కా."

వడగట్టే గుడ్డ చేతిలోంచి జారింది. నీళ్లు బండల మీద పరుచుకుని పాప కాళ్ల దాకా పోయాయి. పాప చప్పట్లు కొట్టింది. తమ్ముడు "అయ్యో, చూస్కోవద్దా" అని లేచి గుడ్డ తీశాడు. నేను అక్కడే కూర్చుండిపోయాను.

అప్పట్లో ఆదిలాబాద్‌కు బదిలీ అంటే ఉద్యోగస్తులు వణికేవారు. అడవి నీళ్లు, అడవి జ్వరం. ఏదైనా తప్పు చేసినవాళ్లనే అక్కడికి పంపుతారని పేరు. ఆయన ఏ తప్పూ చేయలేదు. ఆయన్ని ఆ నీళ్ల దగ్గరికి పంపింది నేను. ఏడేళ్లయింది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తమ్ముడు ఆ కాలేజీలోనే చేరాడని తెలిసినా ఆ సారు ఉన్నాడా అని ఒక్కసారి అడగలేదు. అడిగితే ఆ తర్వాతి మాట కూడా చెప్పవలసి వస్తుందని.

ఇప్పుడు ఇల్లంతా నిద్రపోయింది. పాప దగ్గితే లేచి నుదురు ముట్టుకుని చూసి వస్తున్నాను, మళ్లీ రాస్తున్నాను. నుదురు చల్లగానే ఉంది. అయినా మళ్లీ చూస్తాను. నా తీరే అంత.

ఆయన పేరు రాయను. ఆయన్ని పేరుతో ఎవరూ పిలవలేదు కూడా. కరీంనగర్‌లో నేను చదివిన కాలేజీలో ఆయన గొంగళ్ల సారు. వెలుగుల ప్రయోగానికి గది చీకటిగా ఉండాలి. నల్లతెరలు కావాలని ఏటా రాసి పంపేవాడట, ఏటా రాలేదు. ఊరి చివర గొర్రెలు కాసే కురుమ వాళ్లను అడిగి నాలుగు గొంగళ్లు తెచ్చి కిటికీలకు కట్టాడు. వానాకాలం వచ్చిందంటే ల్యాబ్ అంతా గొర్రెల మందలా వాసన వేసేది. చీకటి కాగానే వెనక బెంచీ పిల్లలు "మే" అని అరిచేవారు. ఆయనకు కోపం వచ్చేది కాదు.

"ఎవలిదో గొర్రె తప్పిపోయింది. పాపం, తల్లిని ఎత్కుతుంది. జర తొవ్వ చూపుండ్రి" అనేవాడు. గది అంతా నవ్వేది. గొర్రె ఇక అరిచేది కాదు.

పద్మశాలీల ఇంట్లో పుట్టినవాడు. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. తెగిన పోగు అతికే వేళ్లు అవి. గాజు గొట్టం పగిలితే దీపం మంట ముందు కూర్చుని నోటితో ఊదుతూ, రెండు ముక్కల్ని ఎక్కడ కలిశాయో తెలియకుండా కలిపేవాడు. "దారమైతే ముడి కనవడ్తది. గాజు నయం, ముడిని మింగుతది" అనేవాడు. కుర్చీ ఉన్నా కూర్చునేవాడు కాదు. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగేముందు ఒకసారి కిటికీ వెలుగులో అటూ ఇటూ వంచి చూసేవాడు, అందులో ఏదో గీత కనబడుతుందేమో అన్నట్టు.

చదువంతా నిజాం కాలంలో ఉర్దూలో సాగింది. మాకు పాఠాలు ఇంగ్లీషులో. ఆయన నోట్లో మూడు భాషలు కలిసేవి. ఎలక్ట్రాన్‌ను బర్ఖియా అనేవాడు. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత మాకూ అదే అలవాటైంది. ఇప్పటికీ ఎలక్ట్రాన్ అంటే నాకు పుస్తకంలోని చుక్కే గుర్తొస్తుంది. బర్ఖియా అంటే మాత్రం పరుగెత్తే ఏదో ప్రాణి గుర్తొస్తుంది.

ఆయన జేబులు ఎప్పుడూ చిరిగే ఉండేవి. నిండా రాళ్లు, తెల్ల పలుగురాళ్లు. చెలకల్లో, బాటల పక్కన ఎక్కడ కనబడినా ఏరేవాడు. వెలుగుకు పెట్టి చూసి, మబ్బు ఉంటే పారేసేవాడు. ఊర్లకు పోయి వచ్చే పిల్లలతో "మాకు పప్పులు, సకినాలు తేవొద్దు. అద్దం లెక్కుండే పలుగురాయి దొరికితె తేండ్రి" అనేవాడు. ఎందుకో నాకు చాలా రోజులు తెలియలేదు.

ఇక రికార్డుల సంగతి. ప్రయోగం చేసి, కొలతలు తీసుకుని, ఇంటికి పోయి రికార్డు పుస్తకంలో రాయాలి. మేము చేసే పని వేరు. పై తరగతి వాళ్ల రికార్డు తెచ్చుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు దించేవాళ్లం. వాళ్లూ వాళ్ల పై వాళ్లవి దించినవారే. అందరూ చేసేదే కాబట్టి అది తప్పని ఎవరికీ అనిపించలేదు. అట్లా రాస్తేనే మార్కులు వస్తాయని పెద్దవాళ్లే చెప్పేవారు.

ఒకరోజు ఆయన మా రికార్డులన్నీ బల్ల మీద వరసగా తెరిచి పెట్టాడు. అది పుష్యమాసం, పొద్దున్నే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. "రాండ్రి, జర ఒక వింత చూపిస్త" అన్నాడు. ప్రతి రికార్డులోనూ గది వేడి ఒకటే ఉంది. ముప్పై ఒకటి.

"మన కరీంనగర్ల ఎండ లేదు, సలి లేదు. బారా మాసాలు ముప్పై ఒకటే. స్వర్గమంటె గిదేనా బిడ్డా?" అని నన్నే అడిగాడు. నేను ముందు వరసలో ఉన్నాను. మా తరగతిలో ముగ్గురం ఆడపిల్లలం.

"పుస్తకంల అట్లనే ఉన్నది సార్" అన్నాను.

"పుస్తకంల ఏమున్నదో నాకు ఎర్కే. నేను గూడ సదివిన. నీ కండ్లు ఏం చూసినై? గది చెప్పు."

ఈ మాట ఆయన వందసార్లు అనగా విన్నాను. తిట్టడం రాదు ఆయనకు. తప్పు రాస్తే "మళ్ల చూడు" అనేవాడు, అంతే. ఎన్నిసార్లయినా అదే గొంతుతో అనేవాడు.

నీటి గొట్టం ప్రయోగం మా సిలబస్‌లో లేదు. అది ఆయన సొంతం. ముందుగా మూడు గోటీలు తెచ్చాడు, పిల్లలాడే గోళీలే, ఒకటి పెద్దది, రెండు చిన్నవి. వాటిని బెల్లం పాకంతో అతికించాడు. "గిది నీళ్ల అణువు. ఈ పెద్దది ఆక్సిజన్, ఈ చిన్నయి హైడ్రోజన్" అన్నాడు. అప్పటికే చీమలు పట్టాయి. "నీళ్లు తీపని చీమలకు గూడ ఎర్కే" అన్నాడు.

"మరి పొయ్యి మీద మరిగిస్తే విడిపోవా సార్?" అని అడిగాను.

"బిడ్డా, నువ్వు పొద్దంత మరిగియ్యి. ఒక అణువు ఇంకో అణువును ఇడిశిపెడ్తది, అంతే. ఆవిరైనా నీళ్లే. అణువు లోపటి ముడి తెగాలంటె గట్టి దెబ్బ తగలాలె. గా దెబ్బ బర్ఖియాది."

నాలుగో గోటీని మెల్లగా దొర్లించాడు. అది మూడింటికీ తగిలి వెనక్కి వచ్చింది. ఇంకొంచెం వేగంగా వేశాడు. అప్పుడూ అంతే. "మెల్లగ తగిలితె ఎన్నిసార్లు తగిలినా ఏం గాదు. ఒక హద్దున్నది. అది దాటాలె" అని ఈసారి వేలు వంచి ఫట్‌మని కొట్టాడు. ఒక చిన్న గోటీ ఊడి నా బెంచీ కిందకి పోయింది. మిగిలిన రెండూ అతుక్కునే గిరగిరా తిరిగాయి.

"మరి వెలుగు ఎక్కడినుంచి వస్తది సార్?" వెనకనుంచి ఎవరో అడిగారు.

ఆయన గోడకు ఆనించిన నిచ్చెన దగ్గరికి పోయాడు. సున్నం వేసేవాళ్లు వదిలేసిపోయిన నిచ్చెన అది. ఎక్కాడు. "దెబ్బ తిన్న ముక్క ఊకుంటదా? ఎగురుతది. ఎగిరింది మీదనే ఉండలేదు గద, దిగాలె. దిగేటప్పుడు ఎక్కిన బలమంత వెలుగు చేసి ఇడుస్తది. చూడుండ్రి. మూడో మెట్టు మీదికెళ్లి రెండో మెట్టుకు దిగితె..." అని దిగి, "ఎరుపు!" అని కేక వేశాడు. మళ్లీ ఎక్కాడు. "నాలుగో మెట్టు మీదికెళ్లి రెండుకు దూకితె... పచ్చ కలిసిన నీలం! మెట్టుకు మెట్టుకు నడుమ ఆగనీకి జాగ లేదు. గందుకే గీతలు గీతలు వస్తయి, కలగలుపు రాదు."

నిచ్చెన కిర్రుమంది. మేము భయపడి పట్టుకున్నాం. యాభై ఏళ్ల మనిషి పిల్లాడిలా ఆయాసపడుతున్నాడు.

"రెండో మెట్టు మీదికెళ్లి మొదటి మెట్టుకు దూకితే సార్?"

"అది గూడ వెలుగే. శాన పెద్ద వెలుగు. మన కండ్లకు ఆనదు" అన్నాడు. ఊడని ఆ జంట గోటీలను చేతిలోకి తీసుకున్నాడు. "గీ జంట గూడ వెలుగిస్తది. ఊదా రంగుకు జర అవుతల. అదీ కనవడదు. గాజు దాన్ని తాగుతది, బయటికి రానియ్యదు. పలుగురాయి రానిస్తది."

అప్పుడు తెలిసింది జేబుల్లో రాళ్లు ఎందుకో. గొట్టానికి గాజుకు బదులు పలుగురాయి కిటికీ పెట్టాలని ఆయన కోరిక. కంపెనీ పలకను తెప్పించమని రాస్తే ఎవరూ తెప్పించలేదు. కాబట్టి చెలకల్లో ఏరుకుంటున్నాడు.

తర్వాత గొంగళ్లు దించారు. ఒక చుక్క నీటి ఆవిరి ఉన్న గొట్టంలోంచి గాలి తోడాడు. గొట్టానికి కరెంటు పంపే తీగచుట్ట మీట నొక్కగానే తేనెటీగల్లా చప్పుడు, గొట్టం నిండా లేత ఎరుపు. చిన్న దూరదర్శినిలాంటి స్పెక్ట్రోస్కోపులో కన్ను పెట్టమన్నాడు. నల్లటి చీకట్లో ఒకే ఒక్క ఎర్రగీత. దానికి దూరంగా పచ్చ కలిసిన నీలం గీత. ఎవరో సన్నటి పోగులు రెండు నిలువునా వేలాడదీసినట్టు. నేను తాగే నీళ్లు, నేను తల మీద పోసుకునే నీళ్లు, వాటి లోపల ఈ ఎరుపు ఉందా అని నాకు ఒళ్లు జలదరించింది.

"గవి పగిలిన నీళ్లు" అన్నాడు చీకట్లోంచి. "చూసినవా బిడ్డా? ఇగ నిన్ను ఎవ్వలు గూడ మోసం చెయ్యలేరు. నువ్వు చూసినవ్."

ఎవరూ చేయలేదు. నేనే చేశాను.

చివరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష. బాపు ముందే చెప్పాడు: "ఫస్టుక్లాసు రావాలె. రాకుంటె మగపిల్లల నడుమ కూసుండి ఏం ఎలగబెట్టింది అంటరు. నేను జవాబు చెప్పలేను." మా వాడలో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్లను నేను. ఆ నెలంతా సరిగా నిద్రపోలేదు.

నాకు వచ్చిన ప్రశ్న: ఇచ్చిన గొట్టంలో ఏ వాయువు ఉందో గీతలు చూసి చెప్పాలి. స్టాండుకు దారంతో చీటీ కట్టి ఉంది, గాలి అని. కన్ను పెట్టాను. ఒక ఎర్రగీత, దూరంగా పచ్చ కలిసిన నీలం గీత. ఇది సారు నీటి గొట్టం. గాలి గొట్టం ముందురోజే పగిలిందని తర్వాత తెలిసింది, బదులుగా తనది పెట్టాడు. పాత చీటీ తీయడం మరిచాడో, కావాలనే ఉంచాడో నాకు ఇప్పటికీ తెలియదు.

రఫ్ కాగితం మీద తొందరలో తెలుగులోనే రాసుకున్నాను: ఎర్రగీత, పచ్చ-నీలం గీత, నీటి ఆవిరి. అప్పుడు చీటీ వైపు చూశాను. దించిన రికార్డు గుర్తొచ్చింది. గాలి అయితే ఊదా వెలుగు, దగ్గరదగ్గరగా పట్టీలు. ఎన్నో బ్యాచీలు అదే రాసి పాసయ్యాయి. నా కళ్లు పెద్దవా, అన్ని రికార్డులు పెద్దవా? రాసుకున్నది అడ్డంగా కొట్టేశాను. జవాబు కాగితం మీద గాలి, ఊదా పట్టీలు అని అందంగా రాశాను.

బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి కోస్తా వైపు ఆయన. తెల్లటి పంచె, బంగారు ఫ్రేము కళ్లజోడు. నా జవాబు చదివి, స్పెక్ట్రోస్కోపులో చాలాసేపు చూశాడు.

"ఏమ్మా, ఈ పట్టీలు నీకెక్కడ కనపడ్డాయి? నాకు కనపడటం లేదే?"

నేను రఫ్ కాగితాన్ని బోర్లించాను.

"చూడకుండా రాశావా? కాపీ కొట్టావా? అదైతే ఇంటికి పంపించేస్తాను, ఏమనుకున్నావ్?"

గొంగళ్ల సారు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆయన నా వైపు చూస్తున్నాడు. ఆ చూపులో 'మళ్ల చూడు' అన్న మాటే ఉంది. ఒక్క క్షణం చాలు, 'సార్, ఎర్రగీత కనబడింది, భయపడి మార్చాను' అంటే అయిపోయేది. నేను అనలేదు.

"డిమాన్‌స్ట్రేటర్ సార్ గిట్లనే రాయమన్నరు సార్" అన్నాను.

పరీక్షాధికారి ఆయన వైపు తిరిగాడు. "నిజమేనా? పరీక్షలో పిల్లలకు జవాబులు చెబుతున్నారా మీరు? అదీ తప్పు జవాబులు?"

నేను నేలచూపులు చూస్తున్నాను. ఆయన చెప్పులు కనబడుతున్నాయి, ఒక చెప్పు వారు దారంతో కుట్టి ఉంది. కాదంటాడు, నేను ఇంటికి పోతాను, బాపు గుమ్మంలో నిలబడతాడు అనుకున్నాను.

"ఔ సార్" అన్నాడు. "నేనే చెప్పిన. పిల్లది ఏం చెయ్యలే."

నాకు ఫస్టుక్లాసు వచ్చింది. ఆయనకు కాగితం వచ్చింది, ఆదిలాబాద్ అని.

సర్టిఫికెట్ కోసం పోయిన రోజు ఆయన గొంగళ్లు మడుస్తున్నాడు, కురుమ వాళ్లకు తిరిగి ఇచ్చేయడానికి. నేను వాకిట్లో నిలబడ్డాను. చెప్పాలనే పోయాను. ఆయనే చూసి, "ఫస్టుక్లాసట గద బిడ్డా! మిఠాయేది మరి?" అన్నాడు. నేను ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో తెలియనట్టు, "ఊకో ఊకో. ఫికర్ చెయ్యకు. ఆదిలాబాద్ల పలుగురాళ్లు మంచిగుంటయంట. ఈడ అన్ని మబ్బు రాళ్లే" అన్నాడు. గొంగళ్లు భుజాన వేసుకుని ఎండలోకి పోయాడు. అదే చివరిసారి చూడటం.

ఇదంతా నా తలలో తిరుగుతుండగా తమ్ముడు చేయి కడుక్కుని వచ్చాడు. వాడికి ఏమీ తెలియదు కదా, ఆపకుండా చెబుతున్నాడు.

"ఒక్క పని మాత్రం చేసి పోయిండక్కా. నిర్మల్ దిక్కు ఏడనో దొరికిందట, నీళ్లలెక్క ఉన్న పలుగురాయి. రెండేండ్లు అరగదీసిండట. గొట్టానికి లక్కతోని అతికిచ్చిండు. పోయిన నెల మాకు చూపెట్టిండు. ఆయన జెరానికి తాగుతడు చూడు, గా చేదు కొయినా మందు, దాన్ని నీళ్లల్ల కలిపి, రెండు సుక్కలు యాసిడ్ ఏసి రాయి ముంగట పెట్టిండు. మీట నొక్కంగనే నీళ్లు నీలంగ వెలిగినై! ఏం లేని చోట, రాయిలకెళ్లి వచ్చిన కనవడని వెలుగు తగిలి! అందరం అరిచినం. సారు కుర్సీల కూసున్నడు."

కుర్చీలో కూర్చున్నాడా? నేను ఆయన్ని కూర్చోగా ఎన్నడూ చూడలేదు.

"గప్పుడే ఆ పిల్ల సంగతి మళ్ల చెప్పిండు" అన్నాడు తమ్ముడు.

"ఏ పిల్ల?"

"ప్రతి బ్యాచికి చెప్తడట. కరీంనగర్ల ఒక పిల్ల ఉండెనట. స్టాండుకు గాలి అని చీటీ కట్టి ఉన్నా, నీటి ఆవిరి అని రాసిందట, కండ్లతోని చూసి. ఆ కాగితం సారు అట్టకు అంటిచ్చి ల్యాబ్‌ల ఏలాడదీసిండు. 'చీటీ ఏమన్నా అననీ, గీ పిల్ల ఏం చూసిందో చూడుండ్రి' అంటడు. తర్వాత ఏమైంది సార్ అంటె, 'తర్వాత నన్ను ఈడికి పంపిండ్రు' అని నవ్వుతడు. ఆ పిల్ల దిక్కు నిలవడి మాట్లాడిండని గావచ్చు. ఎసుంటి పిల్లో అక్కా! పరీక్షల అంత ధైర్యం ఎవలికుంటది? మేమంత ఆ పిల్ల పేరు మీదనే సూడనిది రాయొద్దని ఒట్టు పెట్టుకున్నం."

పాపను ఒళ్లోకి లాక్కున్నాను, ఎందుకో గట్టిగా. అది గింజుకుంది.

"సామాను సదురుతుంటె అటెండరు ఆ అట్ట పారేస్తుండె. నేనడిగి కాగితం ఊడదీస్కొని తెచ్చుకున్న. చూస్తవా?" వాడు సంచిలోంచి నోటుపుస్తకం తీసి, మధ్యలోంచి ఒక కాగితం ఇచ్చాడు.

నా రాత. పెన్సిలు. ఎర్రగీత, పచ్చ-నీలం గీత, నీటి ఆవిరి. వాటి మీద అడ్డంగా నేను కొట్టిన గీత. దాని కింద, నీలి సిరాతో, ఒక మాట ఉర్దూలో.

"గిదేందో నాకు రాదు. ఉర్దూ. కొట్టేసింది సారే అనుకున్నం మేము, ఏదో చూస్కోక" అన్నాడు తమ్ముడు.

చిన్నప్పుడు రెండు తరగతులు ఉర్దూలో చదివాను. ఆ అక్షరాలు ఇంకా పోలేదు. దురుస్త్ అని ఉంది. సరైనది అని.

పరీక్ష అయిపోయాక బల్ల తుడుస్తూ చూసి ఉంటాడు. నేను చూశానని, చూసి కూడా అట్లా అన్నానని, ఆయనకు ఆ రోజే తెలుసు. బదిలీ కాగితం రాకముందే తెలుసు. మిఠాయి అడిగినప్పుడు తెలుసు. ఏడేళ్లు ఈ కాగితం గోడకు కట్టుకుని, కొట్టేసిన గీత ఎవరిదో ఒక్క పిల్లాడికీ చెప్పలేదు. అబద్ధమూ చెప్పలేదు. పిల్లలే అల్లుకున్నారు. ఆయన ఊరుకున్నాడు.

"ఆ పిల్ల అట్ల నిలవడలే" అన్నాను.

"నీకెట్ల ఎర్క?"

చెప్పాను. చీటీ, రికార్డు, పంచె కట్టుకున్న పరీక్షాధికారి, నా నోటినుంచి వచ్చిన మాట, ఔ సార్ అన్న మాట, అన్నీ. తమ్ముడు మొదట నవ్వబోయాడు, నేను వేళాకోళం చేస్తున్నాననుకుని. తర్వాత నా మొహం చూశాడు. వాడి మొహంలో నేను ఇదివరకెన్నడూ చూడనిది ఒకటి కనబడింది. వాడు నన్ను చూస్తున్నాడు, మళ్లీ, కొత్తగా.

"ఆ జెరం..." అన్నాడు.

"ఔ."

"అక్కా, నువ్వా?"

వాడు లేచి వాకిట్లోకి పోయాడు. పొద్దుగూకేదాకా లోపలికి రాలేదు. వచ్చాక నాతో కాకుండా పాపతో మాట్లాడాడు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. ఆ కాగితం మాత్రం అడగలేదు. అది నా ముందే ఉంది.

రేపు పొద్దున్న బస్సుకు వాడు పోతాడు. సెలవు అయ్యాక ఆదిలాబాద్ పోతాడు. ఈ కాగితాన్ని నా పెట్టెలో దాచుకోవచ్చు, వాడు అభ్యంతరం చెప్పడు. వాడి తరగతిలో ఆ ధైర్యం గల పిల్ల అట్లాగే ఉండిపోతుంది. పిల్లలు ఆమె మీద ఒట్టు పెట్టుకుంటూనే ఉంటారు. ఆయన సర్వీసు పుస్తకంలో కూడా, పరీక్షలో జవాబులు చెప్పిన మనిషి అని అట్లాగే ఉండిపోతుంది.

తెల్లవారుతుండగా ఆ కాగితాన్ని ముందుకు లాక్కున్నాను. దురుస్త్ అన్న మాటకు కింద జాగా ఉంది. నా పేరు రాశాను, పుట్టింటి పేరుతో సహా, ఆనాటి రోల్ నంబరుతో సహా. దాని కింద ఇట్లా రాశాను: పైన రాసింది నేను. కొట్టేసింది నేను. పరీక్షలో ఊదా పట్టీలు అని రాసి, సారు చెప్పాడని అన్నది నేను. సారు చెప్పలేదు.

తమ్ముడు లేచి మొహం కడుక్కుని వచ్చాడు. కాగితం చేతికిచ్చి "ఉన్న కాడనే మళ్ల అంటియ్యి. పిల్లలందరు చదవనీ" అన్నాను.

వాడు చదివాడు. రెండోసారి చదివాడు. నోటుపుస్తకం తెరిచి కాగితాన్ని లోపల పెట్టబోయాడు.

"ఆగు, సిరా ఆరలే" అన్నాను.

వాడు కాగితం పట్టుకుని గుమ్మంలో, ఎండ పడే చోట నిలబడ్డాడు.